గట్టు మీద గాలం వేసేవాడి పక్షాన

ఈ మధ్య మన సంఘ సభ్యుల మధ్య ఒక పిటిషన్ తిరిగింది. మన మిషిగన్‌లో సరస్సు ఒడ్డున ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు కొందరు దాన్ని తలకెత్తుకున్నారు. ఆ సరస్సు పేరు ఇక్కడ రాయడం లేదు. తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి అవసరం లేదు. అక్కడ ఒక రోడ్డు నేరుగా వచ్చి నీటి అంచున ఆగిపోతుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టేంత జాగా. సాయంత్రాలూ, శని ఆదివారాలూ నలుగురైదుగురు మడత కుర్చీలు వేసుకుని గాలాలు వేసుకుంటూ ఉంటారు. ఆ రోడ్డుకు రెండు వైపులా 'నో పార్కింగ్' బోర్డులు పెట్టించాలనీ, రోడ్డు చివర చేపలు పట్టడం మాన్పించాలనీ పిటిషన్ సారాంశం. కారణాలు మూడు చెప్పారు. చెత్త పేరుకుంటోందిట. సరస్సు పాడవుతోందిట. ఆ చేపలు తినడం ఆరోగ్యానికి హానిట. ఈ మూడో కారణం చూసి మనవాళ్ళు నలుగురు పేరు పక్కన 'డాక్టర్' అని రాసి మరీ సంతకాలు పెట్టారు.

మేమూ వైద్యులమే. ఆ నలుగురూ మాకు మిత్రులే. వాళ్ళ ఇళ్ళలో భోజనాలు చేశాం, ఇది చదివాక కూడా పిలిస్తే మళ్ళీ చేస్తాం. కాని మన చదువును ఒక గేటుకు తాళంగా వాడుకుంటుంటే ఊరుకోవడం మా వల్ల కాలేదు.

చేపల్లో విషం మాట అబద్ధం కాదు. బొగ్గు కాల్చగా గాలిలోకి పోయిన పాదరసం వానతో సరస్సుల్లోకి దిగి, అక్కడి సూక్ష్మజీవుల చేతుల్లో మిథైల్ మెర్క్యురీగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు ఎక్కుతూ పోతుంది. గర్భిణి తింటే మాయను దాటి బిడ్డ మెదడును చేరుతుంది. అది కండలోనే ఉంటుంది కనుక కడిగినా, కొవ్వు కోసి పారేసినా పోదు. పీసీబీల సంగతి వేరు. 1979లో ఈ దేశంలో వాటి తయారీ నిషేధించినా అడుగు మట్టిలో ఇంకా ఉన్నాయి. అవి కొవ్వులో చేరతాయి. అందుకే రాష్ట్ర ఆరోగ్య శాఖ వారి సలహా: తోలు తీసెయ్యండి, పొట్ట కింది కొవ్వూ వీపు మీది కొవ్వూ కోసెయ్యండి, కొవ్వు కారిపోయేలా జాలీ మీద కాల్చండి.

ఈ సలహా ఎవరి వంటింటిని చూసి రాశారో ఆలోచించండి. మనం చేపను తోలుతో, తలతో, ముళ్ళతో ముక్కలు కొట్టి, చింతపండు పులుసులో మరిగించి, పైకి తేలిన నూనెను అన్నంలో కలుపుకుని తింటాం. కారిపోవలసిన కొవ్వంతా పులుసులోనే ఉంటుంది. పైగా మర్నాటికి ఇంకా రుచి అంటాం. డెట్రాయిట్ నది ఒడ్డున పట్టిన వైట్ బాస్‌తో పులుసు పెట్టుకునే తెలుగు ఇల్లాలికీ, చేపల ఝోల్ వండుకునే హామ్‌ట్రామిక్ బంగ్లాదేశీ ఇల్లాలికీ ఈ సంగతి వాళ్ళ భాషలో, వాళ్ళ వంట ఎరిగి చెప్పేవాళ్ళు కావాలి. ఏ చేప ఎన్నాళ్ళకోసారి తినవచ్చు, నెల తప్పినప్పుడు ఏది మానాలి, చిన్న బ్లూగిల్‌కూ ముసలి వాల్ఐకీ తేడా ఏమిటి. చిన్నదీ, తక్కువ కాలం బతికిందీ మేలు. పెద్దదీ, ఇతర చేపల్ని తిని బతికేదీ కీడు. అరగంటలో చెప్పగలిగిన విషయం. ఆ నలుగురు డాక్టర్లూ ఒక శనివారం ఆ రోడ్డు చివరకి వెళ్ళి ఈ అరగంట మాట్లాడి ఉంటే వైద్యం చేసినట్టుండేది. నీటి దగ్గరకు రావద్దనడం వైద్యం కాదు. రోగికి జబ్బు ఉందని ఆస్పత్రి తలుపు మూసేస్తారా ఎవరైనా?

ఇంకొక మాట. విషం కలిపింది గాలం వేసేవాడు కాదు. 2018లో హ్యూరన్ నది చేపల్లో పీఫాస్ రసాయనాలు బయటపడి, నది ఈరీ సరస్సులో కలిసేదాకా చేపలు తినవద్దని రాష్ట్రం వారు ప్రకటించారు. తోలు తీసినా, కొవ్వు కోసినా పోని విషం అది. అది లోహాలకు పూత పూసే పరిశ్రమల వంటి చోట్ల నుంచి మురుగునీటి ద్వారా నదికి చేరింది. చేరినప్పుడు బోర్డు ఎవరికి పెట్టారు? తాగే కాఫీ పక్కన పెట్టి గాలం వేసుకుంటున్నవాడికి పెట్టారు, 'తినవద్దు' అని. బోర్డు అవసరమే, మేము కాదనం. కాని బోర్డు చదివి నష్టపోయేది ఒకడు, బోర్డు అవసరం తెచ్చినవాడు మరొకడు. ఇప్పుడు ఆ బోర్డునే సాకుగా చూపి గట్టు మీంచి కూడా లేపేస్తామంటే, దెబ్బ తిన్నవాడికే జరిమానా వేసినట్టు.

ఇక సరస్సు ఎవరి డబ్బుతో బాగుంటోంది అన్న ప్రశ్న. "మేం పన్నులు కడుతున్నాం" అని మనవాళ్ళు గట్టిగానే అంటున్నారు. ఆస్తి పన్ను కడుతున్నారు, నిజమే. అది ఎక్కువగా బడికీ, రోడ్డుకూ, పోలీసుకూ పోతుంది. చేప డబ్బు దారి వేరు. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలం, కర్ర, రీలు, ఎర బొమ్మలు, దారం - వీటి మీద తయారీదారు ధరలో 10 శాతం పన్ను. డింగెల్ మన మిషిగన్ సభ్యుడే. 1984లో దాన్ని విస్తరించి మోటారు పడవల పెట్రోలు పన్నులో కొంత భాగాన్ని కూడా ఇందులో కలిపారు. వచ్చిన సొమ్మును రాష్ట్రాలకు పంచేటప్పుడు 60 శాతం లైసెన్సు తీసుకున్నవారి సంఖ్యను బట్టి, 40 శాతం నేల, నీటి విస్తీర్ణాన్ని బట్టి పంచుతారు. అంటే ఆ మడత కుర్చీలో కూర్చున్నవాడు లైసెన్సు కొన్నప్పుడు ఆ రుసుము ఒకటే కాదు, తన తలకింత చొప్పున వాషింగ్టన్ నుంచి కూడా రాష్ట్రానికి డబ్బు తెచ్చిపెడుతున్నాడు. హేచరీల్లో పిల్లలు పెంచడం, సరస్సుల్లో వదలడం, లెక్కలు కట్టడం ఎక్కువ భాగం ఈ డబ్బు మీదే నడుస్తాయి. 1966లో హోవర్డ్ టానర్ గారి నాయకత్వాన పసిఫిక్ తీరపు కోహో సామన్ పిల్లల్ని తెచ్చి మిషిగన్ వాగుల్లో వదిలారు. ఆ తర్వాత సరస్సు ఒడ్డు ఊళ్ళు ఎన్నో బాగుపడ్డాయి. ఆ చేప ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఈ పన్నులోనూ ఒక తమాషా ఉంది. కాంగ్రెస్ 2005లో చేసిన మార్పు వల్ల గాలం కర్ర మీద పన్ను 10 డాలర్లకు మించకూడదు. చవక కర్ర కొన్నవాడు పూర్తి పదో వంతు కడతాడు. వెయ్యి డాలర్ల కర్ర కొన్నవాడూ 10 డాలర్లే కడతాడు. పడవకు తగిలించే కరెంటు ట్రోలింగ్ మోటారు మీద పన్ను 3 శాతం, డాలరు పెట్టి కొన్న గాలం ముల్లు మీద 10 శాతం. ఖర్చు దగ్గరకు వస్తే రాష్ట్రానికి వచ్చిన వాటాలో 15 శాతం పడవలు దింపే రేవులకూ, వాటి సౌకర్యాలకూ పెట్టాలని చట్టంలోనే రాసి ఉంది. పడవవాళ్ళు పెట్రోలు పన్ను కడుతున్నారు కనుక అది అన్యాయం అనం. కాని గట్టు మీద నిలబడేవాడికి అలాంటి వాటా ఏదీ రాసి పెట్టలేదు. అతడికి మిగిలింది ఇటువంటి రోడ్డు చివరలూ, వంతెనల పక్కలూ, పార్కుల్లో నాలుగు చెక్క డాకులూ. అందులో ఒకటి మనవాళ్ళు మూయిస్తామంటున్నారు.

హక్కు మాట కూడా చెప్పుకుందాం, ఎందుకంటే పిటిషన్‌లో 'మా సరస్సు' అన్న మాట ఆరుసార్లు ఉంది, మేము లెక్కపెట్టాం. పైన్ నదికి రెండు ఒడ్డులా నేల కొనుక్కున్న కాలిన్స్ అనే ఆసామి, ఆ నదిలో నడుస్తూ చేపలు పడుతున్న గెర్హార్ట్ అనే అతన్ని కోర్టుకీడ్చాడు. 1926లో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చింది: దుంగలు తేలిపోయిన నది అది, అడుగు నేల నీదే కావచ్చు గాని చేపలు పట్టే హక్కు ప్రజలది. 2005లో గ్లాస్, గోకెల్ అనే ఇద్దరు ఇరుగుపొరుగుల తగవులో అదే కోర్టు, మహా సరస్సుల ఒడ్డున మామూలుగా నీరెక్కే గీతకు దిగువన ఎవరైనా నడవవచ్చునంది. మన దేశంలోనూ సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులో, బియాస్ నది పక్కన హోటల్ కట్టినవారి విషయంలో, నదుల వంటివి ప్రజల తరఫున ప్రభుత్వం కాపలా కాయవలసిన ఆస్తి అని చెప్పింది. అయితే ఈ హక్కులన్నీ నీటిలోకి దిగాకే. పక్కవాడి పెరట్లోంచి నడిచి వెళ్ళే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఆ రెండు కార్ల జాగాకు అంత విలువ. ఇంటికి నూరు కిటికీలున్నా తలుపు ఒకటే అయితే, దాన్ని మూస్తే ఇల్లు మూసినట్టే. 'నో పార్కింగ్' బోర్డు చూడ్డానికి చిన్నది. దాని వెనక ఉన్న యుక్తి మాత్రం చిన్నది కాదు.

సరస్సు పాడవుతోందన్నారు. పాడవుతోంది, ఒప్పుకుంటాం. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు 1988లో ఇక్కడి సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడ్డాయి, సముద్రాలు దాటి వచ్చిన ఓడల నీళ్ళతో వచ్చి. అక్కడి నుంచి లోపలి సరస్సులకు ముఖ్యంగా ఎక్కి వెళ్ళింది ట్రెయిలర్ల మీది పడవలను. మడత కుర్చీలను కాదు. ఎర బకెట్టు నీళ్ళు ఒక చోటివి ఇంకో చోట పోయడం తప్పే, అది మాన్పించాలి. నాచు మాటకొస్తే, ఒడ్డు దాకా పచ్చికను గొరిగి ఎరువు చల్లేది ఎవరు? వానకు కొట్టుకుపోయిన ఎరువుకు పచ్చికా నాచూ ఒకటే. సెప్టిక్ ట్యాంకు ఎన్నేళ్ళ నాడు తీయించారో ఆ పిటిషన్ మీద సంతకం చేసినవారు ఒకసారి చెప్పుకుంటే వినాలని ఉంది.

చెత్త నిజం. తెగిన దారాలు బాతుల కాళ్ళకు చుట్టుకోవడం మేమే చూశాం. సీసపు గుండ్లు మింగి లూన్ పక్షులు చస్తాయి. ఒక చెత్త డబ్బా, దారం వేసే గొట్టం ఒకటి, వారానికోసారి తీసేవాడు ఒకడు. ఖర్చు మన ఉగాది విందులో మిఠాయి ఖర్చు కాదు. డబ్బా లేని చోట చెత్త ఉందని మనుషుల్ని తీసెయ్యమంటారా?

ఇవన్నీ పైకి చెప్పే కారణాలు. లోపలిది వేరే ఉందని మాకు అనుమానం, అనుమానం దాచుకోవడం ఎందుకు. ఆ గట్టు మీదికి వచ్చేవాళ్ళు కార్ల ఫ్యాక్టరీల్లో పని చేసి రిటైరైన నల్లవాళ్ళు, మెక్సికో నుంచి వచ్చి కప్పులు వేసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు హ్మాంగ్ ముసలివాళ్ళు. ఒకరిద్దరు మన తెలుగు కుర్రాళ్ళు, అద్దె ఇళ్ళలో నలుగురు కలిసి ఉండేవాళ్ళు. మన ఊళ్ళో గాలం పట్టినవాణ్ణి చూస్తే కులం అడిగేవాళ్ళం. ఇక్కడ కారు మోడల్ చూస్తున్నాం. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, మనం ఒడ్డెక్కాక ఒడ్డు మనదే అంటున్నాం.

మా మామగారు పోయినసారి వచ్చి ఆరు నెలలున్నారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. రెండో వారానికే టీవీ మీద విసుగు, కారు నడపలేరు, మేము పొద్దున పోతే రాత్రికి గాని రాము. ఆయన్ని ఆ ఆరు నెలలూ నిలబెట్టింది ఆ రోడ్డు చివర. అక్కడ ఒక రిటైరైన వెల్డరుతో స్నేహమైంది. ఈయన ఇంగ్లీషు అంతంత, ఆయనకు తెలుగు సున్న. వానపాము గుచ్చే పద్ధతి మీద ఇద్దరికీ వాదం. ఒక్కరోజు లైసెన్సు కొనిస్తే తప్ప కర్ర పట్టుకోనన్నారు మామగారు, చట్టం చట్టమేనని. మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నలు పగలంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నారని పోయిన సంవత్సరం ఇదే పత్రికలో ఒకరు బాధపడి రాశారు. వాళ్ళు నడిచి వెళ్ళగలిగిన చోటు ఒకటి మూసేస్తూ ఆ బాధ ఎలా పడగలం? ఇక్కడ పదిహేడేళ్ళు నిండని పిల్లలకు లైసెన్సు కూడా అక్కరలేదు. వీడియో ఆటలు మానడం లేదని మొత్తుకునే తల్లులు ఈ ముక్క గమనించాలి.

టౌన్‌షిప్ బోర్డు వారు వచ్చే నెల మొదటి మంగళవారం రాత్రి ఏడు గంటలకు ఈ పిటిషన్ వింటారు. ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. మేము వెళుతున్నాం, పైన చెప్పిందే చెబుతాం. చెత్త డబ్బాకూ గొట్టానికీ అయ్యే ఖర్చు మేమూ ఇంకో రెండు కుటుంబాలూ భరిస్తామని రాసి ఇస్తున్నాం. చేపలు తినడం గురించి తెలుగులో, బంగ్లాలో, స్పానిష్‌లో ఒక పేజీ కాగితం తయారవుతోంది; బంగ్లాకు మనిషి దొరికారు, స్పానిష్ తెలిసినవారు మన సభ్యుల్లో ఉంటే కబురు చేయండి. సంతకం చేసి ఇప్పుడు వద్దనుకునేవారు క్లర్కుకు రెండు వాక్యాల ఉత్తరం రాస్తే పేరు కొట్టేస్తారు. ఉత్తరం శుక్రవారం లోపల చేరాలి.