రాని కచేరీకి బయానా



కోల్డ్‌ప్లే అను బ్రిటిషు రాక్ బృందము 2025 జనవరిలో నవీ ముంబయిలోను, గణతంత్ర దినపు సెలవునాడు అహమ్మదాబాదులోను పాడినది. మరల ఏ సెలవులకు వచ్చునో యని మా షోలాపూరు కుర్రవాండ్లు నాటినుండి లెక్కలు కట్టుచున్నారు. ఊహించుటలో తప్పు లేదు. కాని 2024 సెప్టెంబరులో టిక్కెట్లు చూచుచుండగనే చెల్లిపోయి, దొంగబజారులో ఎన్నో రెట్లు పలికినవి. ఆ భయముననే మా మనుమడు, తేదీయైనను ప్రకటింపకముందే, రాబోవు కచేరీకని ఎవరికో రెండు వేలు బయానా ఇచ్చినాడు. పుచ్చుకొన్నవాడు మరల కనబడలేదు.

రిజర్వు చేసికొన్న రైలు ఈ-టిక్కెట్టుపై ప్రయాణీకుని పేరుండును. గుర్తింపు కార్డు చూపవలెను. కచేరీ టిక్కెట్టుకును ఈ నియమమే పెట్టిన దొంగబేరము చాలవరకు ఆగును. ప్రభుత్వమువారు ఆలోచింతురా? అంతవరకు, తేదీ ప్రకటింపని కచేరీకి పైసా ఈయవద్దని పెద్దలే పిల్లలకు చెప్పవలెను.

— ఒక పాఠకుడు, షోలాపూరు