నాలుగు చదువులు చదివినవాణ్ణి పాసు ఏదన్నారు

"ముందు చదువుకోండి, బాగుపడండి. గౌరవం దానంతటదే వస్తుంది." ఈ మాట మనకి చెప్పనివాడు లేడు. ఊరి పెద్దలు చెప్తారు, పేపర్లవాళ్ళు చెప్తారు, మన ఓట్లతో గెలిచినవాళ్ళూ చెప్తారు. మేం బడిలో పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళం. మా ఇళ్ళల్లో మాకు ముందు పలక పట్టినవాడు లేడు. చదువు విలువ ఏంటో మాకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటలో ఒక మోసముంది. గౌరవం దక్కలేదంటే తప్పు మనదేనట, మన చదువు చాలకనేనట! అలా చెప్పేవాళ్ళకి అమెరికా నల్లజాతివాడు జాన్ రాక్ సంగతి వినిపించి, ఇతనికి ఏం చదువు తక్కువైందని అడగాలి.

జాన్ రాక్ 1825లో న్యూజెర్సీ రాష్ట్రంలో సేలం అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసలు కారు, కానీ లేనివాళ్ళు. నల్లవాళ్ళ పిల్లలు చాలామంది పసితనంలోనే పనిలోకి పోయే రోజులవి. వీళ్ళు మాత్రం కొడుకుని బడికి పంపారు. 1844లో అతను బడిపంతులయ్యాడు. రోజుకి ఆరుగంటలు బడి, రెండుగంటలు ట్యూషన్లు, ఆపైన ఎనిమిదిగంటలు వైద్యం పుస్తకాలు. ఇద్దరు తెల్లడాక్టర్లు దగ్గర కూచోబెట్టుకుని నేర్పారు. (అలాంటివాళ్ళు ఎక్కడైనా ఒకరిద్దరుంటారు, లేరనం.) తీరా మెడికల్ కాలేజీకి పోతే నల్లవాడివన్నారు, సీటు లేదన్నారు. ప్రతిభ, ప్రతిభ అని గొంతు చించుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి లెక్క వేసుకోవాలి. రోజుకి పదహారుగంటల ప్రతిభ ఏ గంగలో కలిసింది?

అతను పళ్ళవైద్యం నేర్చి 1850లో ఫిలడెల్ఫియాలో బోర్డు కట్టాడు. మర్నాటి ఏడు కట్టుడుపళ్ళు చేసినందుకు వెండిపతకం వచ్చింది. 1852లో అక్కడే ఒక కాలేజీ డాక్టరు పట్టా ఇచ్చింది. 1853లో బోస్టన్ చేరాడు. దక్షిణాది దొరల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన బానిసలకి రోగమొస్తే చూసిన డాక్టర్లలో అతనొకడు.

ఇంతలో 1857లో డ్రెడ్ స్కాట్ కేసు తీర్పు వచ్చింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ తేల్చేశాడు, బానిసైనా స్వతంత్రుడైనా సరే, నల్లవాడు ఈ దేశ పౌరుడు కాడని. ఆ మరుసటేడే రాక్‌కి గొంతు జబ్బు ముదిరింది. ఆపరేషనుకి ఫ్రాన్స్ పోవాలి. పాసుపోర్టు అడిగితే, పౌరులకే ఇస్తాం, నీకు కుదరదని విదేశాంగమంత్రి ఆఫీసువాళ్ళు చెప్పేశారు. ఊరందరి నాడి పట్టి చూసే డాక్టరు, తన గొంతు చూపించుకోడానికి ఓడెక్కే హక్కు లేదు! చివరికి మసాచుసెట్స్ రాష్ట్రం తనంతట తాను పాసుపోర్టు ఇస్తే పోయి వచ్చాడు. వచ్చాక ఒళ్ళు సహకరించక వైద్యం మానుకున్నాడు. లా చదివాడు. 1861లో మసాచుసెట్స్‌లో లాయరయ్యాడు. పంతులు, పళ్ళడాక్టరు, డాక్టరు, లాయరు. నాలుగు.

ఈ నాలుగింటినీ చూసి సుప్రీంకోర్టు తలుపు తీసిందా? లేదు. టేనీ బతికున్నంతకాలం తీయలేదు. మరి ఎవరు తీయించారు?

1858 మార్చి 5న, పాసుపోర్టు గొడవకి కొంచెం ముందు, బోస్టన్‌లోని ఫాన్యుల్ హాలులో రాక్ ఉపన్యాసమిచ్చాడు. తన నల్లరంగుకి సిగ్గుపడనని, తెల్లరంగు కన్నా నలుపే అందమని ఎగతాళిగా, గర్వంగా చెప్పాడు. త్వరలో ఈ దేశంలో ఆయుధాలు మోగుతాయని, అప్పుడు నల్లవాడి అవసరం పడుతుందని కూడా చెప్పాడు. మూడేళ్ళకి అదే జరిగింది. 1863లో మసాచుసెట్స్ 54వ పటాలంలోకి నల్లవాళ్ళని చేర్పించడానికి రాక్ తిరిగాడు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. తుపాకి ఒకటే, చావు ఒకటే, కూలి మాత్రం వేరు. వాళ్ళేం చేశారు? ఆ డబ్బు ముట్టమన్నారు. తేడా మేమిస్తామని రాష్ట్రం ముందుకొస్తే అదీ వద్దన్నారు. ఇంటి దగ్గర పెళ్ళాం బిడ్డలు పస్తులున్నా ఏడాదికి పైగా జీతం తీసుకోకుండా యుద్ధం చేశారు. 1864 జూన్‌లో కాంగ్రెస్ దిగొచ్చి సమాన జీతం చట్టం చేసింది. యుద్ధం అయ్యేసరికి 1,80,000 మంది దాకా నల్లవాళ్ళు ఆ సైన్యంలో చేరారు.

1864 అక్టోబరులో టేనీ చచ్చాడు. ఆ కుర్చీలోకి బానిసత్వానికి ఎదురు నిలిచిన సాల్మన్ చేజ్ వచ్చాడు. 1865 జనవరి 31న బానిసత్వం రద్దు సవరణ ప్రతినిధుల సభలో నెగ్గింది. ఆ మర్నాడే, ఫిబ్రవరి 1న, సెనేటరు చార్లెస్ సమ్నర్ లేచి జాన్ రాక్ పేరు ప్రతిపాదించాడు, చేజ్ సరేనన్నాడు. సుప్రీంకోర్టులో వాదించే హక్కు పొందిన మొదటి నల్ల లాయరు అతనే. 1861లో ఉన్న చదువే 1865లోనూ ఉంది. మారింది బయటి బలం. రాత్రిబడుల్లో రాక్ కథ చెప్పే కార్యకర్తలు వెండిపతకం దగ్గర ఆపేయకండి. జీతం ముట్టని సిపాయిల దాకా చెప్పండి.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పండి. కోర్టులో అంత గౌరవం పొంది బోస్టన్‌కి తిరిగి పోతుంటే, వాషింగ్టన్ రైల్వేస్టేషన్లో రాక్‌ని పట్టుకున్నారు. పాసు ఏదన్నారు. నల్లవాడు ఆ ఊరు దాటాలంటే పాసుండాలట! సుప్రీంకోర్టు లాయరైతే ఏంటి, తోలు నల్లదే గదా. ఈ పాసుల రూలు ఎత్తేయాలని గార్‌ఫీల్డ్ కాంగ్రెస్‌లో బిల్లు పెట్టాల్సి వచ్చింది. 1917లో మన బాబాసాహెబ్ కొలంబియాలో చదివి బరోడాలో ఉద్యోగానికొస్తే ఏమైందో మనకు తెలుసు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్ళు విసిరేవాళ్ళు. పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. కొలంబియా పట్టా ఒక్క రాత్రి తలదాచుకోడానికి పనికిరాలేదు.

రాక్ 1866 డిసెంబరు 3న క్షయతో చనిపోయాడు. నలభయ్యొక్కేళ్ళు. అతను చేసిన రెండు పెద్ద వృత్తుల్లోనూ ఆ తర్వాతేం జరిగిందో చూడండి. 1912లో అమెరికా లాయర్ల సంఘం తెలియక ముగ్గురు నల్ల లాయర్లని చేర్చుకుంది. తెలిశాక గగ్గోలు పుట్టి, ఇకముందు దరఖాస్తులో జాతి రాయాల్సిందేనని రూలు పెట్టింది. సభ్యత్వానికి జాతి అడ్డుకాదని తీర్మానించింది 1943లో. డాక్టర్లు ఇంకా గట్టివాళ్ళు. దక్షిణాదిలో స్థానిక వైద్యసంఘాలు నల్లడాక్టర్లని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ సంఘంలో లేనివాడికి చాలాచోట్ల పెద్దాస్పత్రిలో రోగిని చూసే వీలే లేదు. 1895లోనే నల్లడాక్టర్లు వేరే సంఘం పెట్టుకుని పోరాడారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళకి క్షమాపణ చెప్పుకుంది 2008లో. అప్పటికి డాక్టర్ జాన్ రాక్ పోయి 142 ఏళ్ళు.