విగ్రహానికి దండ సరే, జవాను బూట్ల సంగతేమిటి?

కల్నల్ సంతోష్‌బాబు పేరు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తెలియనివారుండరు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ దళానికి నాయకత్వం వహిస్తూ ఆయన నేలకొరిగారు. దేశం మహావీర్ చక్రతో గౌరవించింది. మరుసటి ఏడాది అదే రోజున సూర్యాపేటలో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు. అయితే అప్పుడు అమరులైన 20 మంది గురించి సైన్యం చేసిన ప్రకటనలో ఒక మాట జనం దృష్టికి అంతగా రాలేదు. తీవ్రంగా గాయపడిన 17 మంది ఆ కొండల్లో, సున్నాకు దిగువన ఉన్న చలిలో ఉండిపోయి ప్రాణాలు విడిచారని అందులో ఉంది. మన దగ్గర ఉక్కపోత తట్టుకోలేక తొలకరి కోసం ఎదురుచూసే జూన్ నెలలో అక్కడి పరిస్థితి అది. తుపాకీ పేలని రోజు కూడా అక్కడ జవానుకు యుద్ధమే. అమరులకు నివాళి అర్పించే మనం, ఆ రోజువారీ యుద్ధంలో ఉన్నవారికి ఏం అందుతోందో ఏటా అడిగి తెలుసుకోవాలి. నివాళికి అర్థం అప్పుడే.

ఆ జీవితం ఎలా ఉంటుందో చూద్దాం. 18 వేల అడుగుల ఎత్తున గాలిలో మనిషికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో దాదాపు సగమే. అందుకే మైదానం నుంచి వెళ్లిన జవానును మూడు దశల్లో, మొత్తం 14 రోజులు ఆ ఎత్తుకు అలవాటు చేస్తే గానీ పోస్టుకు పంపరు. తాగే నీళ్లు కావాలంటే స్టవ్ మీద మంచు కరిగించుకోవాలి. ఆ ఎత్తులో నీళ్లు 80 డిగ్రీలు దాటగానే మరిగిపోతాయి కాబట్టి, మిర్యాలగూడ మిల్లులో ఆడిన మేలురకం బియ్యమైనా ప్రెషర్ కుక్కర్ లేకపోతే పలుకుగానే మిగులుతుంది. వండినా తినాలనిపించదు, పడుకున్నా కంటినిండా నిద్ర పట్టదు. కాపలా కాసి వచ్చేసరికి మేజోళ్లలో పట్టిన చెమట గడ్డకడుతుంది. వెంటనే మార్చుకోకపోతే కాలివేళ్లు మొద్దుబారి, నల్లబడి, చివరికి తీసేయాల్సి రావచ్చు. మంచు మీద పడి ఎగసే ఎండకు నల్లకళ్లద్దాలు లేకపోతే చూపు దెబ్బతింటుంది. అక్కడ ఒక జత పొడి మేజోళ్లు, ఒక కళ్లద్దాల జత ఆయుధాలతో సమానం.

సియాచిన్ హిమనదం చరిత్ర చెప్పేదీ ఇదే. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం అక్కడ కాలు మోపింది. 2003 నవంబరులో పాకిస్థాన్‌తో కాల్పుల విరమణ కుదిరింది. అయినా మరణాలు ఆగలేదు. 2016 ఫిబ్రవరిలో మంచుచరియ కింద పడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది చనిపోయారు. వారిలో కర్నూలు జిల్లా జవాను ఒకరు. మంచుచరియను ఆపడం మనిషి చేతిలో లేదు. కానీ బూట్లు కొనడం మన చేతిలో పనే. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక ఒకటి 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది, చూడండి. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని, 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు బూట్లు కొనకపోవడంతో వాడినవాటినే మళ్లీ వాడాల్సి వచ్చిందని అది తేల్చింది. ఇవ్వాల్సిన ఆహారానికి బదులు వేరేవి ఇవ్వడంతో జవానుకు అందే శక్తి కూడా తగ్గిందని చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో ఫ్రాన్స్ కందకాలకు వెళ్లిన భారత సైనికులు పల్చటి నూలు దుస్తులతోనే ఆ చలికి ఎదురొడ్డారు. నాటి పాలకులు పరాయివారు. నేటి పాలకులను ఎన్నుకున్నది మనమే.

ఇలాంటి ప్రశ్నలు సైన్యం మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయని, శత్రువుకు అలుసవుతామని కొందరి అభ్యంతరం. ఎన్ని జతల బూట్లు కొన్నారో చెప్పినంత మాత్రాన ఏ పోస్టులో ఎంతమంది ఉన్నారో బయటపడదు. పైగా కాగ్ రాజ్యాంగం ఏర్పాటు చేసిన వ్యవస్థ. అది అడగగా లేనిది ఓటరు అడిగితే తప్పేముంది? కష్టాలు తెలిసే కదా సైన్యంలో చేరారన్నది ఇంకో వాదన. చలిని భరిస్తానని జవాను ఒప్పుకున్నాడు, నిజమే. ఢిల్లీలో ఫైలు ఆలస్యమైనందుకు తన వేళ్లు పోగొట్టుకుంటానని ఒప్పుకోలేదు. ఇక మూడో మాట, 2020 తర్వాత పరిస్థితి మారిందన్నది. అందులో వాస్తవముంది. ఆ శీతాకాలంలో తూర్పు లద్దాఖ్‌లో వేలాది మంది జవాన్లు నిలవాల్సి రావడంతో అమెరికా నుంచి అత్యవసరంగా చలిదుస్తులు తెప్పించారు, వెచ్చటి నివాసాలు కట్టారు. చేసినవారిని అభినందించాలి. కానీ నెత్తిమీదికి వచ్చాక పరుగెత్తి చేసిన పని ఏటా మామూలుగా జరగాలంటే, అడిగేవారు ఉండాలి.

జవాను తనంతట తాను అడగలేడు. సంఘం పెట్టుకోవడానికి, పత్రికలకెక్కడానికి సైనిక చట్టం ఒప్పుకోదు. క్రమశిక్షణ కోసం ఆ కట్టుబాటు అవసరమే. కాబట్టి ఆయన తరఫున అడగాల్సిన బాధ్యత మనది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ లోక్‌సభ స్థానంలోవే. మన ఎంపీ ఏ పార్టీవారైనా, ఎత్తయిన ప్రాంతాల్లోని జవాన్లకు కావలసినవి ఎన్ని, కొన్నవి ఎన్ని, చేరినవి ఎన్ని అని ప్రతి ఏడాది రక్షణ మంత్రిని సభలో అడగాలి. అదీ వర్షాకాల సమావేశాల్లోనే అడగాలి. లద్దాఖ్‌కు చలికాలపు సరుకంతా మంచు పడకముందే చేరాలి. మంచు పడి కనుమలు మూసుకుపోయాక, శీతాకాల సమావేశాల్లో వచ్చే జవాబు ఆ ఏడాదికి ఎవరి కాళ్లకూ బూట్లు తొడగదు. జూన్ 15న విగ్రహం దగ్గరికి వచ్చే ప్రతి నాయకుడి చేతికీ ఈ డిమాండ్‌తో ఒక వినతిపత్రం ఇద్దాం.