పాట ఇంటికొస్తుంది, పాడే స్త్రీ సంగతేమిటి?

ఈ మధ్య నెల్లూరులో ఇద్దరు యువతులు నన్ను కలిశారు. సీమంతానికో, షష్టిపూర్తికో, ఊరికే ఒక ఆదివారం సాయంత్రానికో పాతికమంది పట్టే ముందుగదిలో మైకు లేకుండా కచేరీ ఏర్పాటుచేసే సంస్థ పెడతారట. కావలి, అల్లూరు, మైపాడు దాకా గాయనులను పంపుతారట. పేరు, లోగో, కరపత్రం అన్నీ సిద్ధం. "ఆడవాళ్లం పెడుతున్న సంస్థ, ఎలా ఉందో చెప్పండి మేడం" అన్నారు. కరపత్రంలో ఇంటివారికి హామీలు చాలా ఉన్నాయి. పాడే మనిషికి ఒక్కటీ లేదు.

ఇళ్లలో కచేరీ మనకు కొత్త కాదు. కోస్తా ఆంధ్రలో సంపన్నుల ఇళ్లలో, పెళ్లిళ్లలో కళావంతుల స్త్రీలు మేజువాణి చేసేవారు. పదాలనూ జావళీలనూ వాళ్లే తరతరాలుగా నిలబెట్టారు. బాలికలను దేవుడికి అంకితమివ్వడాన్ని 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం నిషేధించింది. అది పోవలసిన ఆచారమే. కానీ 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెళ్లిళ్లలో, వేడుకల్లో వాళ్ల నాట్యాన్ని కూడా నిషేధించింది. పిలిపించుకుని చూసిన మగవాళ్ల మర్యాదకు ఏ లోటూ రాలేదు. ఆడి పాడిన స్త్రీకి బతుకుతెరువు పోయింది, మచ్చ మాత్రం మిగిలింది.

ఆ మచ్చ నేటికీ గాయనుల వెంటే ఉంది. నాతో మాట్లాడిన ఒక గాయని, "స్టేజీ మీద పాడితే ఆర్టిస్టుని. ఇంట్లో పాడితే 'మన మనిషివే కదా' అని ఇంకో రెండు పాటలు పాడించుకుంటారు, డబ్బు దగ్గర బేరమాడతారు" అంది. ఇందులో వింతేముంది? వంట, చాకిరీ, పిల్లల పెంపకం, ఇంట్లో స్త్రీ చేసే ఏ పనినైనా మన సమాజం శ్రమగా లెక్కించిందా? ఆత్మీయత పేరుతో పాట కూడా ఆ లెక్కలోనే కలిసిపోతోంది.

ఇది ఇక్కడి సమస్యే కాదు. 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ సౌండ్స్ ఇళ్లలో జరిగే చిన్న కచేరీలను పెద్ద బ్రాండుగా మార్చింది. జీతం లేకుండా పనిచేసిన 654 మందికి సుమారు 4 లక్షల 60 వేల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ 2020లో న్యూయార్క్ రాష్ట్ర కార్మిక శాఖతో ఒప్పందానికి రావలసి వచ్చింది.

అందుకే ఆ యువతులకు లోగో పక్కనపెట్టి ముందు ఒప్పందపత్రం రాయమని చెప్పాను. ఎంత సేపు పాడాలో, ఎంత ఇస్తారో అందులో ఉండాలి. డబ్బు ముందే చేతికందాలి. రాత్రి తిరుగు ప్రయాణం సంస్థ బాధ్యత. తోడుగా మరొకరు వెళ్లాలి. అనుమతి లేనిదే ఎవరూ ఫోనులో చిత్రీకరించకూడదు. ఇబ్బంది కలిగితే మధ్యలోనే లేచి వచ్చే హక్కు ఉండాలి, అందుకు డబ్బు కోత పడకూడదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ఇంటిని కూడా పనిస్థలంగానే గుర్తించింది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ మాట కరపత్రంలోనే అచ్చువేయాలి.

ఈ షరతులు పెడితే ఇళ్లవాళ్లు పిలవరేమోనని వాళ్ల భయం. ఆ భయం అర్థమవుతుంది. 1992లో ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాకు ఎదురుతిరిగినప్పుడు కూడా ఇది జరిగే పని కాదన్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది. గాయని షరతులకు ఒప్పుకోని ఇంటికి పాట వెళ్లకపోతే నష్టమేమీ లేదు. ఈ మాట ఆమె ఒక్కతే చెప్పలేదు, ఆమె తరఫున సంస్థ చెప్పాలి. స్త్రీల సంస్థ అనిపించుకోవడానికి అదే అర్హత.