చిల్లకల్లు చెవిన బ్రాంక్స్ పాట

ర్యాప్ అంటే తిట్లదండకమేనా? నియో సోల్ అన్న మాట ఎప్పుడైనా విన్నారా? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పిల్లలు గంటలకొద్దీ వినే ఆ పాటల్లో అసలేముంది? ఆల్బమ్ మొదలుపెడితే చివరిదాకా వినందే వదలని శ్రోతని అడిగితే ఏమంటాడు?

‘అది పాటేనా? ఊపిరి తీసుకోకుండా తిట్టడం కాదూ!’

ర్యాప్ గురించి చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఇదే. ‘మీకర్థం కాదులే’ అన్నది పిల్లల జవాబు. అక్కడితో సంభాషణ అయిపోతుంది. ఒకరు టీవీ సౌండు పెంచుతారు. ఇంకొకరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. పాట గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

మాట్లాడే శ్రోత ఒకడున్నాడనుకుందాం. పేరు ఏదైనా పెట్టుకోండి, ఊరు మాత్రం చిల్లకల్లు. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద, టోల్‌ప్లాజా ఉన్న ఊరు. ఇటు జగ్గయ్యపేట, అటు నందిగామ. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్టప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. మిర్చీ పత్తీ పండే నేల. తండ్రిది వ్యవసాయం, కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం. పండక్కో పబ్బానికో ఇంటికి బయల్దేరితే బస్సులో నాలుగు గంటల పైమాటే. ఆ నాలుగు గంటలే అతని కచేరీ!

అతనికో నియమం ఉంది. పాటలు ఏరుకుని వినడు. ‘ఆల్బమ్ అంటే విస్తరి. పప్పుతో మొదలై పెరుగుతో ముగియాలి. ఒక్క గారె కొరికి భోంచేశానంటే ఎలా?’ అంటాడు. అతని చిట్టాలో ముందుండేవి నాలుగు... నాస్ ‘ఇల్‌మాటిక్’, ఎరికా బాడు ‘బాడుయిజం’, లారిన్ హిల్ ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’, డి యాంజెలో ‘వూడూ’. నాలుగూ కలిపితే దాదాపు నాలుగుంబావు గంటలు. ఎల్బీనగర్‌లో మొదలుపెడితే ఊళ్లో దిగేసరికి అయిపోతాయి.

చెల్లెలి బట్టల కోసం...

అసలు హిప్‌హాప్ పుట్టింది ఎక్కడ? న్యూయార్క్‌లో పేదలుండే బ్రాంక్స్‌లో. 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు అపార్ట్‌మెంట్‌లో ఓ పార్టీ జరిగింది. పెట్టింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలి, అందుకు డబ్బులు కావాలి... అదీ ఆమె ఆలోచన. రికార్డులు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్. జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబం వాళ్లది. పాటలో గొంతు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే చోట కుర్రాళ్లు ఎక్కువ ఊగుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఆ కాస్త ముక్కనే మళ్లీమళ్లీ తిప్పాడు. దానిమీద మైకులో మాటలు కలిశాయి. వాయిద్యాలు కొనే స్తోమత లేనివాళ్లు పాత రికార్డునే వాయిద్యం చేసుకున్నారన్నమాట!

1979లో ‘రాపర్స్ డిలైట్’ దాన్ని రేడియోకెక్కించింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ‘ద మెసేజ్’తో మురికివాడ బతుకుని పాటలోకి తెచ్చింది. సరదా కాస్తా సాక్ష్యం అయింది.

ఇదంతా మనకు మరీ కొత్తేం కాదంటాడు చిల్లకల్లు శ్రోత. బుర్రకథ గుర్తుచేసుకోమంటాడు. తంబూరాతో కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునేలోపు వంత అందుకోవాలి. ర్యాపర్ పక్కనా మాట అందించే తోడుగొంతు ఉంటుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ కళతోనే 1986లో పద్మశ్రీ అందుకున్నారు. తేడా ఒక్కటే. బుర్రకథ వీరుల కథ చెబుతుంది. ర్యాపర్ ‘నా కథ, మా వీధి కథ’ అంటాడు.

లయ తప్పినట్టుంటుంది... తప్పదు!

మరి నియో సోల్? 1960, 70ల్లో అమెరికాలో నల్లజాతివారి చర్చి పాట లోంచి, బ్లూస్ లోంచి వచ్చింది సోల్ సంగీతం. అరీతా ఫ్రాంక్లిన్, మార్విన్ గే, స్టీవీ వండర్ దాని మహామహులు. హిప్‌హాప్ వింటూ పెరిగిన 1990ల కుర్రకారు ఆ పాత సోల్‌ని మళ్లీ చేతుల్లోకి తీసుకుంది. కంప్యూటర్ దరువుల నడుమ గిటారు, పియానో, డ్రమ్ములు మళ్లీ మనుషులు వాయించారు. దానికి నియో సోల్ అని పేరుపెట్టింది కెడార్ మాసెన్‌బర్గ్ అనే రికార్డు కంపెనీ పెద్ద. పాడేవాళ్లలో చాలామందికి ఆ పేరు నచ్చలేదు. సరుకు అమ్మడానికి అతికించిన చీటీ అన్నది వాళ్ల బాధ.

డి యాంజెలో పాస్టర్‌గారి అబ్బాయి. 1995లో ‘బ్రౌన్ షుగర్’తో వచ్చి, 2000లో ‘వూడూ’ ఇచ్చాడు. మామూలుగా లయ తప్పితే గురువుగారు మొట్టికాయ వేస్తారు. ‘వూడూ’లో డ్రమ్ములు కావాలనే కాస్త వెనకబడతాయి. నిద్రమత్తులో తూగుతున్న ఎడ్లబండి పడిపోతుందేమో అనిపించి, భద్రంగా ఇంటికి చేరినట్టు! ఈ తూగుడుకి డెట్రాయిట్‌కి చెందిన జె డిల్లా ప్రభావం చాలా ఉంది. 2006లో, తన ‘డోనట్స్’ ఆల్బమ్ విడుదలైన మూడో రోజునే డిల్లా కన్నుమూశాడు. ‘వూడూ’ తర్వాత డి యాంజెలో మూడో ఆల్బమ్‌కి పద్నాలుగేళ్లు పట్టింది. 2014లో ‘బ్లాక్ మెసయ్య’ వచ్చింది. 2025 అక్టోబరు 14న క్యాన్సర్‌తో చనిపోయేనాటికి అతనికి 51 ఏళ్లే.

‘వూడూ’కి శ్రోత ఇచ్చే మార్కులు నూటికి 85. పాటలు సాగుతాయి, మధ్యలో ఓపిక పరీక్షిస్తాయి అన్నది ఫిర్యాదు. ‘బాడుయిజం’కి 80. 1997లో తలపాగాతో వచ్చిన ఎరికా బాడు గొంతు వాన వెలిశాక చూరునీళ్లలా పడుతుందంటాడు. అయితే సగం పాటలు ఒకే నడకలో ఉంటాయట. అందుకే ఆ కోత.

హాజరు పట్టీలో లేని పిల్ల

అతనికి అన్నిటికన్నా ఇష్టమైంది 1998 నాటి ‘మిస్‌ఎడ్యుకేషన్’. ఆల్బమ్ బడిగంటతో మొదలవుతుంది. మాస్టారు హాజరు పిలుస్తుంటారు. లారిన్ హిల్ పేరు వస్తుంది. పలకదు. ఆ పిల్ల తరగతిలో లేదు! పాటల మధ్య మాస్టారు పిల్లల్ని ‘ప్రేమంటే ఏంటి?’ అని అడుగుతుంటారు. వాళ్లు తోచింది చెబుతుంటారు. చాలామంది ఈ మాటల్ని దాటేసి పాటలకి వెళ్లిపోతారు. దారం తీసేసి పూలు పట్టుకెళ్లడం అంటే అదేనంటాడు శ్రోత. బయట పాఠం జరుగుతుంటే, బడికి రాని పిల్ల బతుకు నుంచి తన పాఠం నేర్చుకుంటోంది. అదీ కథ.

అందులో ‘టు జయాన్’ అనే పాట ఉంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, కెరీర్ చూసుకోమని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారు. ఆమె బిడ్డనే ఎంచుకుంది. ఆ సంగతే పాడింది. 1999లో ఆమెకి ఐదు గ్రామీలు వచ్చాయి. ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ అందుకున్న తొలి హిప్‌హాప్ ఆల్బమ్ ఇదే. అప్పుడామెకి 23 ఏళ్లు. తర్వాత మళ్లీ సొంతంగా స్టూడియో ఆల్బమ్ చేయలేదు.

మార్కులు 95. మిగతా ఐదూ ఎందుకు పోయాయి? పాటల తయారీలో తమ వంతు పేరు దక్కలేదని కొందరు సంగీతకారులు కోర్టుకెళ్లారు. 2001లో రాజీ కుదిరింది. ఎంత గొప్ప పంటైనా కూలి బాకీ ఉండకూడదన్నది రైతుబిడ్డ లెక్క.

పేరు దక్కని బాధ మనవాళ్లకీ తెలుసు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడిన హిట్ పాటలో లతా మంగేష్కర్ గొంతు వినిపించింది. బప్పీలహరి పాట అది, అడక్కుండానే వాడేశారు. ఆయన పేరు వేసేదాకా ఆల్బమ్ అమ్మొద్దని 2003లో అమెరికా న్యాయస్థానం చెప్పింది. 2007లో ఎం.ఐ.ఏ. ‘కాలా’ ఆల్బమ్ మొదటి పాటలో ఇళయరాజా ‘దళపతి’ దరువు వినపడుతుంది. ఊళ్లో మైకుసెట్టులో విన్న దరువు లండన్ తిరిగి రావడం విచిత్రమే!

తిట్టుకి మార్కులుంటాయా?

ఇక అసలు పేచీ. ఇంట్లో వింటుంటే బూతు వినపడుతుంది. తండ్రి ఊరుకుంటాడా? ‘ఏరా, ఆడపిల్లలున్న ఇల్లు ఇది’ అంటాడు.

తప్పేం లేదు. అమెరికాలోనూ తల్లిదండ్రులు ఇదే అన్నారు. 1985లో సెనేట్‌లో దీనిమీద విచారణ జరిగింది. ఆ తర్వాతే ఆల్బమ్‌ల అట్టమీద తల్లిదండ్రులకి హెచ్చరిక ముద్ర వచ్చింది. బూతులు తీసేసిన ప్రతులూ దొరుకుతాయి.

శ్రోత మాత్రం తిట్లన్నీ ఒకటి కాదంటాడు. దెబ్బ తగిలినవాడి కేక ఒకటి. ఆ వీధిలో జనం మాట్లాడుకునే భాష ఒకటి. ఈ రెండిటినీ సరిపెట్టుకోవచ్చు. ఆడవాళ్లని సరుకులా చూసి, అదో గొప్పలా చెప్పుకునేది మూడోది. దానికి దరువు ఎంత బాగున్నా మార్కులు కోయాల్సిందే. పెద్ద పేర్లకీ మినహాయింపు లేదు. మరి పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టి, రెండర్థాల సినిమా పాటలకి చిన్నపిల్లల చేత డ్యాన్సులు వేయిస్తున్నామే... దానికి హెచ్చరిక ముద్ర ఏదీ? ఈ ప్రశ్నకి తండ్రి దగ్గరా జవాబుండదు.

తెలుగు ర్యాప్ మీదా అతనికో అసంతృప్తి ఉంది. 1994లో రెహమాన్ ‘ప్రేమికుడు’తో పేట ర్యాప్ ఊరూరా మోగింది. తర్వాత నోయెల్, రోల్ రైడా లాంటివాళ్లు వచ్చారు. అయినా ఇప్పటికీ మన ర్యాప్ సినిమాలో ఓ బిట్టుగానో, విడిపాటగానో వస్తోంది. పదిపాటల్లో ఒక ఊరి బతుకు చెప్పే ఆల్బమ్ చేతికి రావాలి. సిమెంటు దుమ్మూ, మిర్చి ఘాటూ, సాగర్ కాలువ చివరి భూమికి అందని నీళ్లూ... మెట్టప్రాంతంలో కథలకి కరువా? కాలిఫోర్నియాలో పుట్టి కూచిపూడి నేర్చిన తెలుగమ్మాయి స్వేత యల్లాప్రగడ, రాజకుమారి పేరుతో ర్యాప్‌లో జతులు కలిపింది. 2023లో ‘ద బ్రిడ్జ్’ ఆల్బమ్ తెచ్చింది. కూచిపూడి అడుగు అంతదూరం వెళ్లినప్పుడు, కూచిపూడి ఉన్న నేల మీద ఆ పని కాదా?

తండ్రికి వినిపించాల్సిన పాట

ఇంట్లోవాళ్లకి ఒక్కొక్క పాటే వినిపించమంటే? అమ్మకి ‘టు జయాన్’. ఆలోచించక్కర్లేదు.

నాన్నకి? ఇక్కడే చిక్కు. అతను ఎంచుకునేది 1994లో వచ్చిన ‘ఇల్‌మాటిక్’లోది. పదే ట్రాకులు, నలభై నిమిషాలు. నూటికి 92. న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ కాలనీలో పెరిగిన నాస్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. తండ్రి ఓలూ దారా జాజ్ కళాకారుడు. తల్లిదండ్రులు విడిపోయి ఏళ్లు గడిచాయి. అయినా ఓ పాట చివర, మాటలన్నీ అయిపోయాక, తండ్రి ఊదిన బాకా వినిపిస్తుంది. తొందరేం లేదు, అరుపేం లేదు. కొడుకు చెప్పిందంతా విని, కాసేపాగి, ‘ఊఁ’ కొట్టినట్టుంటుంది.

చిక్కేంటంటే... ఆ పాట పేరే ఇంట్లో పైకి చెప్పలేనిది. బూతు దాటితే కానీ బాకా దాకా చేరలేం. మొదటి తిట్టుకే ఆపేసిన తండ్రి, ఆ పాటలో ఒక తండ్రి ఉన్నాడని ఎప్పటికీ తెలుసుకోలేడు. ముందే అర్థం చెప్పి, ‘నాన్నా, ఒక్క మూడు నిమిషాలు ఓర్చుకో’ అని అడగని కొడుకుదీ తప్పే. 2004లో నాస్, ఓలూ దారా మరో పాటలో కలిసి పాడారు. దాని పేరు ‘బ్రిడ్జింగ్ ద గ్యాప్’. ఎడం పూడ్చడం అన్నమాట. వాళ్లకే పదేళ్లు పట్టింది!

కొత్తగా వినేవాళ్లకి...

* ముందు ‘మిస్‌ఎడ్యుకేషన్’ వినండి. మధ్యలో మాటల్ని దాటేయొద్దు.

* ఇంగ్లిష్ వేగం అందకపోతే సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. రెండోసారికి సగం అర్థమవుతుంది.

* పిల్లలతో కలిసి వినాలంటే బూతులు తీసేసిన ప్రతి ఎంచుకోండి.

* ‘వూడూ’ రాత్రిపూట, సౌండు తగ్గించి వినండి. హడావుడిలో వింటే లయ తప్పిందనిపిస్తుంది.

* నచ్చకపోతే నచ్చలేదనండి. ఎందుకు నచ్చలేదో మాత్రం పిల్లలకి చెప్పండి.