చుట్టాలొస్తే ఏ మ్యూజియం?

సెలవులొస్తే మన కొంపల్లి ఇళ్ళకి ఊళ్ళనుంచి చుట్టాలు దిగుతారు కదూ? ఒక్కరోజులో అన్ని మ్యూజియాలూ చూపించాలని మాత్రం బయల్దేరకండి. అత్తగారి మోకాళ్ళు, పిల్లల ఆకళ్ళు తట్టుకోవు.

నన్నడిగితే సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కటే తీరిగ్గా చూపించండి. శుక్రవారం సెలవు సుమండీ! జె.బి.ఎస్.లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగితే, అక్కణ్ణించి ఆటోలో దగ్గరే. పన్నెండుకి కాస్త ముందే పిల్లల్ని గడియారం ముందు కూర్చోబెట్టండి. బుల్లి బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టి వెళ్తుంది. ఒంటిగంట దాకా ఆగితే ఒక్క గంటే మరి! తర్వాత మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది, ఆ ముసుగూ రాయే!

ఓపిక మిగిలితే దగ్గర్లోనే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు పొడవాటి హాలంతా రెండంతస్తుల్లో ఉన్నాయి. ఒక్క బీరువాలో నలుగురి బట్టలూ కుక్కే మనకి అది చూస్తే నవ్వొస్తుంది. అదీ శుక్రవారం తెరవరు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని ఈజిప్టు మమ్మీని మరో ప్రయాణానికి ఉంచండి. పసిపిల్లలుంటే అసలొద్దు, రాత్రి పడుకోరు.