కళ్ళద్దాలు పెడితే కులం దాగుతదా?

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కాలంలో, దూరదర్శన్ ‘శక్తిమాన్’ను మళ్ళీ ప్రసారం చేసింది. 1997 నుంచి 2005 దాకా నడిచిన ఆ సీరియల్‌ను అప్పుడు చూసిన పోరగాళ్ళు ఇప్పుడు తండ్రులు. ముప్కాల్‌ల బీడీల పని బందుండె. ఊరి పక్క 44వ నంబరు రోడ్డు మీద వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని ఉత్తరాదికి నడిచి పోతుండిరి. ఇండ్లల్ల టీవీ ముందు కూసున్న పిల్లలు తప్పులు పట్టుడు మొదలుపెట్టిన్రు.

“గంత జోరుగ గిర్రున తిరిగితే కండ్లు తిరిగి పడడా?”

“మీదికెళ్ళి పడేటోణ్ణి చేతులతోని అందుకుంటే బొక్కలు ఇరుగయా?”

పెద్దల జవాబు ఒక్కటే: “సప్పుడు చెయ్యక చూడరా, గది కథ!”

ఈ “సప్పుడు చెయ్యకు” అనే మాట మీదనే మా కొట్లాట.

పిల్లలు అడిగింది న్యాయం. మనిషిని చంపేది పడటం కాదు, ఒక్కసారిగ ఆగటం. ఆపేది నేలైనా, హీరో చేతులైనా దెబ్బ ఒక్కటే. ఇది చిన్న సంగతా? 1990ల చివర, శక్తిమాన్ వచ్చి కాపాడుతడని నమ్మి పిల్లలు ప్రమాదాల పాలైనట్టు పత్రికల్లో వార్తలు వచ్చినై. వేషం కట్టిన ముకేశ్ ఖన్నాయే అట్ల చెయ్యొద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. ప్రశ్న అడిగే పిల్లవాడు మిద్దె మీదికెళ్ళి దుంకడు. నమ్మేవాడే దుంకుతడు.

ఇవన్నీ చిన్న తప్పులు. అసలు తప్పు వేరే ఉన్నది.

శక్తిమాన్ మామూలు వేషంలో ఉన్నప్పుడు పేరు పండిత గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. పత్రికలో ఫొటోగ్రాఫర్. కళ్ళద్దాలు, ఎత్తు పండ్లు. గంతే వేషం! పక్కనే పనిచేసే విలేకరి గీతా విశ్వాస్ కూడ చానా కాలం పోల్చుకోలేకపోతది.

ఈ ఉపాయం అమెరికా సూపర్‌మాన్ దగ్గర తెచ్చుకున్నది. 1938లో సూపర్‌మాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. పేరు వినంగనే తలుపు మూసే లోకంలో పేరు దాచుకోవటం అంటే ఏమిటో ఆ జాతికి తెలుసు. తొలి కథల్లో ఆ సూపర్‌మాన్, కూలీల ప్రాణాలు లెక్కచెయ్యని గని యజమానిని గనిలోకే దించి బుద్ధి చెప్పిండు. మనోళ్ళు కళ్ళద్దాలు తెచ్చుకున్నరు, పత్రికాఫీసు తెచ్చుకున్నరు. దాచుకునేటోని బాధను అక్కడనే వదిలిపెట్టిన్రు. దాచుకునే అక్కరే లేని శాస్త్రికి ఆ కళ్ళద్దాలు తగిలించిన్రు!

శాస్త్రి తన పేరు పూర్తిగ చెప్పుకుంటే ఎవడు వెళ్ళగొడతడు? మరి మనం చెప్పుకుంటే? అమెరికాల, లండన్ల చదివి వచ్చిన బాబాసాహెబ్ 1917లో బరోడా కొలువుకు పోతే తలదాచుకోను గది దొరకలేదు. పార్సీ పేరు రాయించుకొని పార్సీల సత్రంలో దిగిండు. చదువు ఉన్నది, కొలువు ఉన్నది, పేరు మారింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి బయటికి నడవమన్నరు. ఊరు పోల్చుకున్నది!

ఇయ్యాల నిజామాబాద్‌ల కిరాయి ఇంటికి పోయి చూడుండ్రి. తాళంచెవి ఇచ్చేముందు ఇంటిపేరు అడుగుతరు. ఆ తర్వాత “మీది ఏ వాడ?” మన ఆర్మూర్, బాల్కొండ పక్కల గ్రామాభివృద్ధి కమిటీలు దళితులను బహిష్కరించిన సంగతులు ఎన్నిసార్లు పత్రికలకు ఎక్కలేదు? బహిష్కరణ అంటే ఏంది? కిరాణం కొట్టు, హోటలు, ఆటో, కూలి – ఊరంత మనల్ని ఒక్క చూపుల గుర్తుపట్టుడే. 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరమని రాయవలసి వచ్చిందంటే, ఈ దేశంలో కళ్ళద్దాలు పనిచెయ్యవనే గద!

“పిల్లల ఆట మీద గింత కోపమెందుకు” అనేటోళ్ళున్నరు. పిల్లల ఆటే అయితే శక్తి ఎక్కడినుంచి వచ్చిందని చూపిన్రు? సూర్యాంశి గురువులు, యోగం, కుండలిని, పంచభూతాలు. పిల్లల ఆటల పురాణం చెప్పవచ్చు గని, ఆ ఆట మీద ప్రశ్న వెయ్యరాదా?

తప్పులు పట్టుడు మన పెద్దలు నేర్పిన విద్య. బ్రహ్మ నోట్లకెళ్ళి బ్రాహ్మణుడు పుట్టిన కథను 1873లోనే ఫూలే ‘గులాంగిరి’లో నిలదీసిండు. వేదాలు ఎట్ల పుట్టినయంటే ఒక్కో గ్రంథం ఒక్కో మాట చెప్తదని అంబేడ్కర్ ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’లో వరుసగ పేర్చి చూపిండు. దాన్ని 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేస్తే ఎంత లొల్లి! తప్పు రాసినోణ్ణి వదిలిపెట్టి తప్పు పట్టినోని మీద కోపం.

శక్తిమాన్‌ను సినిమాగ తీస్తమని 2022లో ప్రకటించిన్రు. రానీ. మన వాడ పిల్లలకు తలా ఒక నోటుబుక్కు, పెన్సిలు ఇద్దాం. కండ్లు ఎందుకు తిరగలేదో, బొక్కలు ఎందుకు ఇరగలేదో రాయనీ. ఆఖరి పేజీల మాత్రం మనమే రాద్దాం:

శాస్త్రికి వేషమెందుకు? ఏ వేషం వేసినా మేము దాగమెందుకు?

జై భీమ్!